నీటిపిట్ట

అక్వేరియం అద్దానికి ముక్కు ఆనించి జిఫో రెక్కల కోసం వెతుకుతోంది.

"అమ్మా, ఈ నీటిపిట్టకి రెక్కలేవీ?"

పక్కన నిలబడ్డ ఇద్దరు బడిపిల్లలు కిసుక్కున నవ్వారు.

మాజోండి కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

వాళ్ల జులూ భాషలో చేప పేరులో ఉన్న శబ్దమే మామగారి పేరులోనూ ఉంది. మామగారి పేరు కోడలి నోట రాకూడదు. ఆ శబ్దం ఉన్న మాటలూ రాకూడదు. అందుకని కొత్తగా కాపురానికి వచ్చినప్పుడే ఆమె చేపని నీటిపిట్ట అనడం మొదలుపెట్టింది.

ఆ మాటతో అట్టే పనీ పడలేదు. వాళ్ల కొండవూళ్లో పెద్దలు చేప తినరు. పాముకి చుట్టమంటారు.

మొన్న పిల్లల బడిలో టీచరు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగింది. జిఫో లేచి "నీటిపిట్ట" అంది. గదంతా ఒకటే నవ్వు.

ఆనాటి నుంచి జిఫో బడిలో నోరు విప్పడం లేదు.

తండ్రి సిబోనెలో చేప అని అసలు పేరు చెప్పి చూశాడు.

"అమ్మ అలా అనదు" అని దుప్పటి ముసుగేసుకుంది.

"డర్బన్ తీసుకెళ్దాం. అక్కడ అక్వేరియంలో మా నాన్న ఉండరుగా, ఒక్కసారి అనెయ్" అన్నాడు సిబోనెలో భార్యతో.

తీరా బయల్దేరేసరికి మామగారు పెళ్లిళ్లకి వేసుకునే కోటు వేసుకుని, కారు ముందు సీట్లో కూర్చుని ఉన్నారు.

"నేనూ చూస్తానర్రా మీ పాముల్ని" అన్నారు.

ఇప్పుడాయన అద్దాన్ని వేలితో కొట్టి చూస్తున్నారు.

"ఇంత నీటిని ఈ అద్దం ఎలా మోస్తోందిరా?"

"మందంగా ఉంటుంది నాన్నా."

"రాత్రిళ్లు ఇవి పడుకుంటాయా?"

"కళ్లు తెరుచుకునే పడుకుంటాయిట."

"మీ చిన్నాన్న లాగా అన్నమాట."

అంతలో అద్దపు పైకప్పు మీంచి నీడ పడింది.

నల్లగా, చాపంత వెడల్పుగా, తోక ఈడ్చుకుంటూ, రెండు వైపుల అంచుల్ని మెల్లగా ఆడిస్తూ ఒకటి వాళ్ల తలల మీదుగా ఎగిరిపోయింది.

"రెక్కలు!" అంది జిఫో.

బడిపిల్లలు ఈసారి నవ్వలేదు.

"చూశావా తాతా? నీటిపిట్ట."

"నీటిపిట్టేమిటే పిచ్చిపిల్లా, చేప. అదీ చేపే."

"అమ్మ అలా అనదు."

"ఎందుకనదు?"

సిబోనెలో పైకప్పు చూశాడు. మాజోండి తలగుడ్డ ముందుకి లాక్కుంది.

మామగారు కోడలి వంక చూసి, మళ్లీ నీళ్లలోకి చూశారు.

"ఒరే, కాళ్లు లాగుతున్నాయి. బయటికి పోదాం పద."

"ఇప్పుడేగా నాన్నా కూర్చుని లేచారు."

"లాగితే లాగవూ మరి. నడువు."

ఆయన వెనక్కి తిరిగి చూడకుండా కొడుకు రెక్క పట్టుకుని వెళ్లిపోయారు.

మాజోండి కూతురి పక్కన గొంతుకూర్చుంది. పెదవులు కదిపింది. మాట రాలేదు. అద్దం అవతల ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ ఆమెనే చూస్తోంది.

"నువ్వూ దానిలాగే చేస్తున్నావమ్మా" అంది జిఫో.

మాజోండికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మాట జారింది.

"చేప."

జిఫో తల్లి నోటి వంక చూసింది.

"మళ్లీ అను."

"చేప."

ఈసారి పిల్లా అంది. గట్టిగా, బడిపిల్లలకి వినబడేలా.

మాజోండి గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు.

బయట ఎండ. సముద్రం ఒడ్డున బండి మీద నూనె సలసల కాగుతోంది. ఆ బండి ముందు కోటు గుండీలన్నీ పెట్టుకుని మామగారు.

"రెండు నీటిపిట్టలు వేయించమ్మా" అంటున్నారు.

బండి అమ్మాయి సిబోనెలో వంక చూసింది. అతను తండ్రి వంక చూశాడు.

"ఏంటవి తాతా?" అంది బండి అమ్మాయి.

జిఫో పరుగెత్తి ఆయన కోటు పట్టుకు లాగింది.

"చేపలు తాతా! చేపలనాలి. అమ్మ కూడా అంది."

"నువ్వు బళ్లో అలాగే అను" అన్నారాయన.

తర్వాత బండి అమ్మాయి వైపు తిరిగారు.

"మా ఇంట్లో వీటిని నీటిపిట్టలంటాం."