బకెట్ చోటు

"గోడలు, కప్పు అద్దంలా ఉన్నాయి కదమ్మా! వీటికి మరమ్మతులెందుకు?" అన్నాడు ఇంజనీరు, శిశు సంరక్షణ కేంద్రం ఆఖరి ఫొటో తీసి పెద్ద ఆఫీసుకి పంపేస్తూ.

ఆయా గబగబా ముందుకొచ్చింది. నిన్న పొద్దున్నుంచి నిచ్చెనెక్కి సున్నం కొట్టింది తనే. పెద్ద ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడంటే పరువు పోకూడదని, పగుళ్లు కూడా పూడ్చేసింది.

"అది నిన్నటి సున్నం సార్. దానికింద అంతా చెమ్మే. చినుకు పడితే కారిపోతుంది, ఒట్టు!"

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది. కానీ ఒకసారి పంపిన ఫొటోలు మార్చడం నా చేతుల్లో లేదు. ఇక నిధులు రెండేళ్ల తర్వాతే."

ఆయా బిక్కమొహంతో టీచరు వంక చూసింది. తిట్టినా బాగుండేది.

"నేను మాత్రం ఆపానా పిన్నీ?" అంది టీచరు నీరసంగా. "పెళ్లివారిల్లులా ఉందని మురిసిపోయాను."

ఇంతలో మబ్బు కమ్మి గది చీకటైంది. ఎక్కడో ఉరిమింది.

మధ్యాహ్నం నిద్రలో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే లేచారు. ఏడవలేదు, ఎవరినీ పిలవలేదు. కళ్లు నులుముకుంటూ ఎవరి చాప వాళ్లు గోడవారకి ఈడ్చుకుపోయి మళ్లీ పడుకున్నారు.

ఇంజనీరు ఫోన్ పైకెత్తాడు. దేనికో తోచక దించేశాడు.

అందరూ బుడంకాయ అని పిలిచే మూడేళ్ల పిల్ల మాత్రం పడుకోలేదు. తనంత బకెట్‌ని రెండు చేతులా ఈడ్చుకొచ్చి అతని మోకాలి మీద తట్టింది.

"జరుగు మామయ్యా, ఇది బకెట్ చోటు."