మానిన పుండుకు కట్టు

"అమ్మో, చచ్చాను!" అంది అత్తగారు, పెద్ద నర్సు వేలు మడమకు తగలకముందే.

కోడలు నవ్వు ఆపుకోలేక గుమ్మం దగ్గరే మొహం తిప్పుకుంది. పొద్దున్నే మనవడితో పందెం వేసి మెట్లన్నీ చకచకా దిగిన కాలది.

రోజూ కట్టు మార్చే చిన్న నర్సు తల వంచుకుని పక్కన నిలబడింది. పది నిమిషాల పనికి ఈ ఇంట్లో గంట పడుతోందని ఆసుపత్రిలో గొడవై, సంగతేమిటో చూడ్డానికి పెద్ద నర్సే వచ్చింది. కట్టు కట్టగానే అత్తగారు ఆ పిల్లను కదలనిస్తేగా! మందు ఇంకాలంటూ కుర్చీ చూపిస్తుంది. గ్లాసుడు పాలు తాగేదాకా లేవనివ్వదు. ఇక కబుర్లు మొదలైతే గోడగడియారానికి కూడా ఆవలింతలొస్తాయి.

"సెలవురోజున కూడా పిలిపించుకున్నారట!" అంటూ పెద్ద నర్సు కట్టు పూర్తిగా విప్పేసింది. పుండు ఎప్పుడో మానిపోయింది.

"ఆ రోజు మరీ సలిపిందమ్మా."

"చూడండి మామ్మగారూ, మేం వచ్చేది వైద్యానికి. పుండు, సూది, మందు, అంతవరకే. ఇక్కడ కావాల్సింది మందు కాదు, మనిషి తోడు. పెద్దవాళ్ళకు తోడుగా మనుషుల్ని పంపే ఆఫీసు వేరే ఉంది, వాళ్ళకు చెబుతాను. ఈ అమ్మాయి మాత్రం రేపట్నుంచి రాదు."

అత్తగారి మొహం వాడిపోయింది. "ఇంకొక్క నెల రానివ్వమ్మా, నీకు పుణ్యముంటుంది."

"అవతల నిజంగా పుళ్ళున్నవాళ్ళు ఎదురుచూస్తున్నారండీ."

చిన్న నర్సు సంచి సర్దుకుని, "వెళ్ళొస్తా మామ్మగారూ" అని చెయ్యి పట్టుకుంది. వదలడానికి ఇద్దరికీ కాసేపు పట్టింది.

వాళ్ళను సాగనంపి వచ్చేసరికి కోడలికి నవ్వు పోయి ఉక్రోషం ముంచుకొచ్చింది. ఇంట్లో కొడుకు, కోడలు, ముగ్గురు మనవలు, నోరు మూతపడని ఆడపడుచు. ఇరుగుపొరుగు వింటే ఏమనుకుంటారు? ముసలమ్మను పలకరించే దిక్కు లేదనుకోరూ?

"ఇంటినిండా ఇంతమందిమి ఉన్నాం. ఒక్క పూటైనా మిమ్మల్ని ఒంటరిగా వదిలామా అత్తయ్యా? తోడు కోసం ఈ నాటకమంతా ఎందుకు? మా పరువు తీశారు!"

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది.

"తోడు లేనిది నాకు కాదే పిచ్చిదానా, ఆ నర్సు పిల్లకి."