వంతెన మీద నాలుగు నిమిషాలు

ఆ నాలుగు నిమిషాలూ బండి ఆగకపోయుంటే అమ్మ బతికేదా? ఆరేళ్ళుగా గోపాలకృష్ణమూర్తిగారిని సంధ్యవార్చేటప్పుడు కూడా వదలని సందేహం అది. డాక్టర్లని అడిగితే చెప్పలేమన్నారు. దేవుణ్ణి అడిగితే ఆయన అదీ అనలేదు.

ఆ ఉదయం కొవ్వూరులో బస్సెక్కినప్పుడూ మనసులో అదే. బస్సు వంతెన మీదికి రాగానే జనం కిటికీల్లోంచి రూపాయి బిళ్ళలు విసిరి గోదారమ్మకి దణ్ణాలు పెట్టుకున్నారు. మూర్తిగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. అమ్మ పోయినప్పటినుంచీ ఆయన గోదావరికి బిళ్ళ వెయ్యలేదు.

రాజమండ్రిలో అంబులెన్సు సిబ్బంది క్రమశిక్షణ కమిటీ ముందు వీరదుర్గ అప్పటికే నిలబడి ఉంది. ఆనాడు అంబులెన్సులో అమ్మ పక్కన కూర్చుని ఆక్సిజన్ పెట్టిన టెక్నీషియన్ ఆమే. సర్టిఫికెట్ రద్దయ్యాక చేపల గంప నెత్తికెత్తుకుంది. ఆ సర్టిఫికెట్ తిరిగి ఇమ్మని అడగడానికి రూల్సు ఇచ్చేది ఒకే ఒక్క అవకాశం. అది ఇవాళే. అభ్యంతరముంటే చెప్పుకోమని మూర్తిగారికీ ఉత్తరం వెళ్ళింది.

"రండి, కూర్చోండి," అని ఆయనకి కుర్చీ చూపించి, కమిటీ అధ్యక్షురాలు సూర్యకళగారు ఫైలు తిప్పారు.

"పేషెంటుని ఎక్కించాక ఆస్పత్రి దాకా బండి ఆగకూడదు. వంతెన మధ్యలో నాలుగు నిమిషాలు ఆగింది. ఎందుకమ్మా?"

"బాధ్యత నాదేనండి," అంది వీరదుర్గ.

"బాధ్యత కాదు, కారణం అడుగుతున్నాను. డ్రైవర్ జయపాల్ ఏమన్నాడో విను. 'వెనకనుంచి అద్దం రెండుసార్లు తట్టారు. తడితే ఆపమని గుర్తు. ఆపాను.' ఎందుకు ఆపించావు? ఫోనొచ్చిందా?"

"లేదండి."

"వాంతొచ్చిందా? చెప్పు తల్లీ! సరైన కారణం ఉంటే ఆరు వారాల ట్రైనింగు, పరీక్ష, నీ సర్టిఫికెట్ నీకొస్తుంది. లేకపోతే నిర్లక్ష్యమే. ఇంక జన్మలో రాదు. అప్పుడూ ఇదే మౌనం, ఇప్పుడూ ఇదే మౌనం. గొంతులో చేప ముల్లు ఇరుక్కుందా ఏంటి?"

"ఇరుక్కున్నా మింగేస్తామండి మేము."

సూర్యకళగారికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మూర్తిగారి వైపు తిరిగారు. "వంతెన మీద బండి ఆగిన మాట నిజమేనని అప్పట్లో మీరు సంతకం పెట్టారు. అందులో మార్పేమైనా ఉందాండీ?"

"అందులో ఒక్క అబద్ధం కూడా లేదండి." అన్నారు మూర్తిగారు. "ఇంకో మాట కలపాలి. ఓ కాగితం ఇప్పిస్తారా?"

"వద్దండి మూర్తిగారూ," అంది వీరదుర్గ గబుక్కున. "తల్లిని పోగొట్టుకున్నారు మీరు. మళ్ళీ ఇదంతా మీకెందుకండి?"

"నువ్వు ఊరుకోమ్మా."

ఒక్క వాక్యం రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు. సూర్యకళగారు చదివారు. కళ్ళజోడు తీసి ఆయన వైపు తిరిగారు.

"ఇది ఆనాడే రాయాల్సిందండి."

"అవునండి."

"ఆరేళ్ళు!"

ఆవిడ కాగితం ఫైల్లో పెట్టి, "సోమవారం ట్రైనింగుకి వచ్చెయ్యి వీరదుర్గా. ఆ గంప ఎవరికైనా అప్పజెప్పు," అన్నారు.

మెట్ల దగ్గర వీరదుర్గ కళ్ళు తుడుచుకుంటూ చేతులు జోడించింది. ఆ దణ్ణం అందుకోవడానికి మూర్తిగారికి మొహం చెల్లలేదు.

"నాక్కాదమ్మా," అంటూ తనే ఆమెకి చేతులు జోడించి, గబగబా బస్టాండు వైపు నడిచారు.

తిరుగు బస్సు వంతెనెక్కింది. మూర్తిగారు రొంటిన దోపుకున్న చిన్న గుడ్డ మూట విప్పారు. లోపల పసుపు రాసిన రూపాయి బిళ్ళ. ఆనాడు అంబులెన్సులో అమ్మ చేతికి తాకించినది. అంతలో ఆవిడకి ఎగఊపిరి రావడంతో గోదావరిలో పడకుండా ఆయన గుప్పిట్లోనే ఉండిపోయింది. దాన్ని కళ్ళకద్దుకుని కిటికీలోంచి విసిరారు. ఎండలో ఒక్కసారి మెరిసి నీళ్ళలో కలిసింది. గోదారమ్మ బాకీ తీరింది.

రెండో బాకీ తీర్చిన కాగితం రాజమండ్రిలో ఫైల్లో ఉంది.

"ఆ రోజు అద్దం తట్టింది నేను."