మొదటి అడుగు

“ఆ దండ వెనక్కి తీసుకెళ్ళండి జక్కయ్యగారూ. నేనుండగా ఆ ఫోటోకి దండ పడదు,” అంది శాంభవి, స్టేజి మీంచి దిగకుండానే.

పామర్రులో షామియానా కొట్టు నడిపే జక్కయ్య నిచ్చెన మీద అలాగే ఆగిపోయాడు. చేతిలో బంతిపూల దండ. ఎదురుగా నిలువెత్తు ఫోటోలో, గజ్జెలు కట్టుకుని నవ్వుతున్న డాన్సు టీచరు శాంతకుమారిగారు. పైన ‘శాంతకుమారి జ్ఞాపకాల సాయంత్రం’ అని బ్యానరు. ఇలాంటి సభకి దండ తేవాలని ఒకరు చెప్పాలా? చల్లపల్లి నుంచి గన్నవరం దాకా ఆవిడ ఆడిన బ్యాలేలన్నిటికీ తెరలు కట్టింది తనే. నాలుగేళ్ళుగా ఆవిడ ప్రోగ్రాముల్లేవు. మొన్న ఫోనులో ఈ సభ పేరు వినగానే తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

శాంభవి దీపం కూడా వద్దంది. మౌనం పాటించడాలు, ఉపన్యాసాలు అసలే వద్దంది. ముందు వరసలో నడిమి కుర్చీ తీసేసి ఖాళీ ఉంచమంది. అది ముఖ్య అతిథిదని డాన్సు స్కూలు కమిటీ సెక్రటరీ శ్రీనివాసరావు మొత్తుకుంటే, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోమంది. టీచరుగారి గుర్తుగా కాబోలనుకుని జక్కయ్య కుర్చీ తీసేశాడు.

తర్వాత రిహార్సల్ మొదలైంది. శాంతకుమారిగారు కూర్చిన బ్యాలేలో కృష్ణమ్మ కొండ దిగి వస్తుంది. ఆ ప్రవేశానికి మొదటి అడుగు కుడికాలు. ఆ సంగతి జక్కయ్యకి కూడా కంఠతా వచ్చు. ఆ ఒక్క అడుగు తప్పితే ఎంతటి శిష్యురాలినైనా “మొద్దూ” అని, కర్రతో నేలమీద కొట్టి, మొదటికి పంపేవారావిడ. అలాంటిది శాంభవి ఎడమకాలు వేసింది. మళ్ళీ ఎడమే. మూడోసారీ ఎడమే.

మృదంగం బాలశౌరి వాయించడం ఆపేశాడు. “ఇరవయ్యేళ్ళుగా వేస్తున్న అడుగమ్మా. టీచరుగారు చూస్తే ఊరుకుంటారా?”

“ఊరుకోరు,” అంది శాంభవి. “నేను మాత్రం ఇలాగే వేస్తాను.”

శ్రీనివాసరావుకి తిక్కరేగింది. టీచరుగారి స్కూలు ఇకమీదట ఎవరు నడపాలో కమిటీ ఈ సాయంత్రమే తేల్చబోతోంది. “ఆవిడ చెప్పిన మొదటి పాఠమే తప్పేవాళ్ళకి ఆవిడ స్కూలెలా ఇస్తామండీ? ఆవిడ ఇంకో శిష్యురాలు అనఘకి ఇచ్చేస్తాం.”

“ఇచ్చుకోండి. అడుగు మార్చను.”

జక్కయ్యకి ఒళ్ళు మండింది. పదేళ్ళప్పుడు టీచరుగారి చెయ్యి పట్టుకుని అడుగులు నేర్చిన పిల్ల. ఇంత పొగరు ఎప్పుడొచ్చిందో.

సాయంత్రం హాలు నిండింది. లైట్లు తగ్గాక ఎవరో ఓ ముసలావిడని చక్రాల కుర్చీలో తెచ్చి ఆ ఖాళీలో ఆపారు. కత్తిరించిన జుట్టు, వాలిపోయిన తల. పక్కనున్నామె ఎంత పలకరించినా, ఎవరో గుర్తులేనట్టు ఒళ్ళో చేతుల్నే చూసుకుంటోంది. ఎవరో పెద్దమనిషి తల్లి కాబోలు, ఇంత జబ్బుమనిషిని ఎందుకు తెచ్చారో అనుకుంటూ జక్కయ్య తెర తాడు లాగాడు.

మృదంగం మోగింది. శాంభవి చూపంతా ముందు వరస మీదే పెట్టి ఎడమకాలు వేసింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. శ్రీనివాసరావు లేచి నిలబడ్డాడు. ఆమె వెనక్కెళ్ళి, గజ్జెలు ఘల్లుమనేలా మళ్ళీ ఎడమకాలే వేసింది.

చక్రాల కుర్చీ చేతిమీద ఠప్పున దెబ్బ పడింది.

“మొద్దూ, కుడికాలు,” అన్నారు శాంతకుమారిగారు.