దాలిలో పండిన రాయి

“పాలు కాగే దాలిల రాళ్లు పెట్టుడేందే? మీ అవ్వగారింట్ల గిట్లనే వండుకుంటరా?”

పొద్దటి నుంచి పోశవ్వ ఈ మాట అనడం ఇది నాలుగోసారి.

“అడుగున బూడిదల పెట్టిన అత్తా. పాలకుండకు తాకనే తాకది.” కోడలు అనసూర్య జవాబు కూడా నాలుగోసారే.

“రజాకార్ల కాలంల గూడ పరాయి మనిషిని గీ అరుగెక్కనియ్యలే నేను. ఎవడో తెల్వది, ఏ ఊరో తెల్వది. పండుకుంట అంటే సరే అన్న. ఇగ ఇల్లంత ఆయనదే అయింది!”

ముసలాయన వచ్చి నాలుగు రోజులైంది. భుజాన ఓ గోనెసంచి. లక్సెట్టిపేటలో అందరూ గోదావరికి స్నానానికి పోతే ఆయన గులకరాళ్లకు పోయేవాడు. మట్టిరంగువి, బెల్లం రంగువి ఏరుకొచ్చి, కొత్త ముంతలో పోసి, మూతికి మట్టి మెత్తి అనసూర్య చేతికిచ్చాడు.

“మూడు దినాలు పిడకల సన్నసెగల ఉండాలె బిడ్డా. కదపద్దు. తొందరపడితే రాయి ఓర్సుకోది.”

ఎందుకు ఒప్పుకుందో ఆమె అత్తకు చెప్పలేదు.

బాలమల్లు కోసం. బొగ్గుబాయిలో కప్పు కూలి ఆమె పెనిమిటి మోకాలు నుజ్జయి ఎనిమిది నెలలు. ఆనాటి సంగతి ఎవరడిగినా గోడవైపు తిరిగి పడుకునేవాడు. బాయి పని పోయింది, పొలం పని చేతకాదు. అన్న మల్లన్న పెట్టే ముద్ద గొంతు దిగదు. “నేనింక ఎవలకు పనికొస్త?” అన్నది ఒక్కటే మాట.

అలాంటి మనిషి నిన్న చేతికట్టె ఊతంగా ముసలాయన వెంట గోదావరి దాకా పోయాడు. రెండు గులకరాళ్లు ఎండకు పట్టి చూశాడు కూడా.

“ఇంకోటి చూసినవా?” పోశవ్వ గొంతు తగ్గించింది. “నా కొడుకు చెయ్యి పట్టుకొని వేళ్లు ఒక్కొక్కటి ఒత్తి చూసిండు. ఏం సదివిండో ఏమో!”

“వేళ్లు మంచిగున్నయన్నడు అత్తా, గంతే.”

“నా కొడుకు వేళ్లతోని ఆయనకేం పని?”

అనసూర్య వంగి పాలకుండ మూత తీసింది.

అంతలోనే పాలు విరిగాయి.

ఎండాకాలం పాలు విరగడం కొత్తేం కాదు. అయినా పోశవ్వ ఆగలేదు. కుండ దించి, బూడిద తోడి, ముంతను వాకిట్లోకి లాగి పడేసింది. ముంత పగిలి రాళ్లు దొర్లాయి.

మట్టిరంగు రాయి ఒక్కటీ లేదు. అన్నీ ఎరుపే. అప్పుడే కోసిన కోడి నెత్తురంత ఎరుపు.

“బాణామతి!” పోశవ్వ కేక వాడంతా వినపడింది. చేతికందిన బిందె ఎత్తి నీళ్లు కుమ్మరించింది.

టప్, టప్, టప్. కాలుతున్న రాళ్లు ఒకదాని వెనుక ఒకటి చీలిపోయాయి.

ముసలాయన అరుగు దిగి వచ్చేసరికే అంతా అయిపోయింది. వంగి ఒక ముక్క తీసుకున్నాడు. “మంచిగ పండినయి,” అన్నాడు తనలో తానే.

“నడువ్!” మల్లన్న గోనెసంచి వీధిలోకి విసిరాడు. “మర్యాదగ పోతవా, నలుగుర్ని పిలువాల్నా?”

“అన్నా, జర ఆగరాదు!” బాలమల్లు మంచం మీంచి లేవబోయి, కట్టె అందక కూలబడ్డాడు.

ముసలాయన అతని దిక్కు చూసి ఏదో చెప్పబోయాడు. కేక విని చేరిన గుంపు చూసి మానుకున్నాడు. సంచి దులిపి భుజానేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండు రోజులు బాలమల్లు అన్నం ముట్టలేదు. మూడోనాడు వాకిలి ఊడుస్తుంటే రోలు చాటున చీలని రాయి ఒక్కటి దొరికింది. అనసూర్య దాన్ని కొంగున ముడేసుకుని నగలు చేసే ఔసుల గట్టయ్య దగ్గరికి పోయింది.

గట్టయ్య రాయిని వెలుతురుకు పట్టి చాలాసేపు దించలేదు.

“కెంపా, తాతా?”

“కెంపు కాదు బిడ్డా, అకీకు. ఉంగరాల్ల పొదుగుతరు. ఎవలు పండించిండ్రు దీన్ని?”

“రాయిని పండించుడేంది?”

“ఎరుపు రాయిలనే ఉంటది, మన కండ్లకు ఆనది. సన్నసెగల దినాలకు దినాలు ఉంటే పైకొస్తది. అటెన్క సానపడితే వెలుగు లోపటికి పోయి మల్ల తిరిగొస్తది. గప్పుడే దానికి విలువ. లేకుంటే గోదావరిల మనం తొక్కుకుంట పోయే రాయే. ఆ పనికి కాళ్లక్కరలేదు, కూసున్నకాడనే. వేళ్లు మంచిగుండాలె.”

“వేళ్లు మంచిగున్నయనే అన్నడు ఆ ముసలాయన,” అంది అనసూర్య.

“గోనెసంచి ముసలాయనేనా?” అన్నాడు గట్టయ్య. “బాలమల్లు పేరు పెట్టి మీ ఇల్లడిగిండు. పని నేర్పి, తన సానచక్రం ఇచ్చి పోత అన్నడు.”

“మరి మాకెందుకు చెప్పలే?”

“ముందుగాల రంగు చూపిస్త, నేనెవన్నో ఎనుక చెప్త అన్నడు. కొడుక్కు నేర్పుదమనుకున్నడట. ఆ పిలగాడు బొగ్గుబాయికి పోయి మల్ల ఇంటికి రాలేదట. వాని పేరు హనుమండ్లట. ఊరు బాసర అవుతల.”

అనసూర్య ఇంటికొచ్చి అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పింది.

“నోరు తెరిచి చెప్తే ఏం పోయె?” అంది పోశవ్వ. గొంతులో మునుపటి జోరు లేదు. మల్లన్న తల దించుకున్నాడు.

బాలమల్లు లేచి కూర్చున్నాడు. “పిలగాని పేరేమన్నవ్?”

“హనుమండ్లు.”

ఆమె చేతిలోని రాయిని తీసుకుని రొండిన దోపుకున్నాడు. తర్వాత కట్టె అందుకుని నిలబడ్డాడు.

“రేపు పొద్దుగాల బాసర దిక్కు పోతున్న. ఆయన దొరికేదాక తిరుగుత,” అన్నాడు మెల్లగా, అందరికీ వినపడేట్టు.

“గీ కాలుతోనా? ఎందుకురా?”

“కప్పు కూలంగ నేను ఎనుకకు మర్లిపోయి చెయ్యి పట్టి బయటికి గుంజబోయింది ఆ హనుమండ్లునే, అవ్వా, వాడు బయటికి రాలే, మనం వాకిట్లకెళ్లి ఎల్లగొట్టింది వాని బాపును.”