పొయ్యికొక ప్లాంటు

"ఇంతకీ మీది ఒక కుటుంబమా, రెండా?" అన్నాడు ఇంజనీరు.

గోబర్‌గ్యాస్ ప్లాంటుకు ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ మంజూరు చేసేముందు ఇల్లు చూసిపోదామని వచ్చాడాయన. వరండాకు ఆ చివరొక వంటగది, ఈ చివరొక వంటగది. రెండింట్లోనూ పొయ్యి మండుతోంది.

"రెండేనండీ," అన్నాడు పెద్దకొడుకు.

ఆ అబద్ధం ఆడటం అతనికి ప్రాణసంకటంగా ఉంది. తండ్రి పోయాక ఇల్లంతటినీ ఒక్కతాటి మీద నడుపుతున్నానని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయే మనిషి. వేరు కుంపటి మాట ఎత్తడానికి అతని ముందు ఎవరికీ నోరు లేచేది కాదు. అలాంటిది, సబ్సిడీ మీటింగుకు వెళ్ళొచ్చిన తల్లి, "పొయ్యికొక ప్లాంటటరా. ఇంటికి ఒకటే పొయ్యయితే దరఖాస్తే తీసుకోరట," అనేసరికి మెత్తబడ్డాడు. ఇంజనీరు వచ్చి వెళ్ళేదాకా నాటకమే కదా అనుకుని, కొట్టుగది ఖాళీ చేయించి తమ్ముడికి అక్కడ పొయ్యి పెట్టించాడు.

ఇక అప్పటినుంచీ ఇల్లు అతనికి అంతుపట్టడం లేదు. ఉప్పూ నిప్పూగా ఉండే తోడికోడళ్ళు కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. పెందలాడే మిల్లుకు పోయే తనకు క్యారియర్ వేళకు అందుతోంది. పొద్దెక్కి లేచే మరదల్ని ఎవరూ సాధించడం లేదు. మాటకు ముందు పుట్టింటికి పోతానని మూట కట్టే తన భార్య కూనిరాగాలు తీస్తోంది. ఎవరికి ఏమైందో అడుగుదామంటే, ఏమని అడగాలో తెలియలేదు.

ఇంజనీరు బుర్ర గోక్కున్నాడు. "పశువుల కొట్టం ఒకటే. ఉన్న పేడ ఒక ప్లాంటుకే సరిపోతుంది. రెండెందుకండీ?"

"పొయ్యికొకటని రూలు కదా సార్," అన్నాడు చిన్నకొడుకు.

"అలాంటి రూలేం లేదే. ఉమ్మడి కుటుంబమైతేనే పెద్ద ప్లాంటు, సబ్సిడీ కూడా ఎక్కువ. వేరుపడ్డవాళ్ళకి చిన్నదే వస్తుంది."

పెద్దకొడుక్కి ప్రాణం లేచొచ్చింది. "అయితే మాది ఒకటే కుటుంబం సార్. ఇదంతా ఉత్తుత్తిదే," అని మరదలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఆ పొయ్యి ఆర్పేసి గిన్నెలు ఇటు తెచ్చెయ్యి."

ఎవరూ కదల్లేదు. పెద్దకోడలు నేలచూపులు చూసింది. చిన్నకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏంటిది? శుభమా అని సబ్సిడీ వస్తుంటే ఈ ఏడుపు మొహాలేంటి?"

"అన్నయ్యా, ప్లాంటు ఒకటే పెట్టిద్దాం," తమ్ముడు నసిగాడు. "పొయ్యిలు మాత్రం ఇలాగే..."

అంతవరకు గుమ్మంలో కూర్చుని ఉన్న తల్లి ఇంజనీరు వైపు తిరిగింది. "ఒక్క ప్లాంటునుంచి రెండు వంటగదులకీ గొట్టం లాగొచ్చా బాబూ?"

"లాగొచ్చమ్మా. పశువులూ పొలం ఒకటేగా? ఉమ్మడి కిందే రాస్తాను. ఎన్నిచోట్ల వండుకుంటారో మీ ఇష్టం."

ఆయన వెళ్ళిపోయాడు. కోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వు దాచుకుంటూ ఎవరి వంటగదిలోకి వాళ్ళు పోయారు. పెద్దకొడుకు వరండాలో చతికిలబడ్డాడు. సబ్సిడీ వచ్చినందుకు సంతోషించాలో, ఇల్లు రెండు పొయ్యిలయినందుకు ఏడవాలో అతనికి పాలుపోలేదు.

"నా చేత్తో నేనే వేరు కుంపటి పెట్టించానే అమ్మా. మీటింగులో ఆ దిక్కుమాలిన రూలు చెప్పినవాడెవడో చూపించు. ఇప్పుడే వెళ్ళి నిలదీస్తాను," అంటూ లేచాడు.

"ఎండన పడి ఎక్కడికీ పోనక్కర్లేదు, కూర్చో," అంది తల్లి.

"మరి ఎవరు చెప్పారు?"

"ఆ రూలు పెట్టింది నేనేరా."