తల నిమిరితే కళ్లు మూసేది

షాద్‌నగర్‌లో బల్ల మీద పెట్టుకునే చిన్న రోబోలు చేసే కంపెనీ ఒకటి ఉంది. అందులో సెన్సర్లు పరీక్షించడం శోభ పని. ఆరేళ్ల కూతురు అక్షర జ్వరంతో పోయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. రాత్రులు గడవక ఒక రోబోను కిరాయి గదికే తెచ్చుకుని పరీక్షిస్తోంది.

తల నిమిరితే అది కళ్లు మూయాలి. శోభ చేతులు ఒడిలోనే ఉన్నాయి. అయినా రోబో కళ్లు మూసింది. తెరిచి, మళ్లీ మెల్లగా మూసింది.

ఆమె తనతో పనిచేసే రాకేష్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"తల మీద సెన్సర్ ఖరాబైనట్టున్నది అక్కా. దూరం కొలిచే సెన్సరన్నా మంచిగున్నదా, జర చూడు."

శోభ రోబోను పక్క గోడకు తిప్పింది. ల్యాప్‌టాప్ తెర మీద దూరం సరిగ్గానే పడింది. ఖాళీ మంచం వైపు తిప్పింది. మంచం ఆరడుగుల అవతల ఉంది. తెర మాత్రం ఒక్క అడుగే అంది.

"ఏమొచ్చింది అక్కా?"

శోభ ఫోన్ పెట్టేసింది.

"అక్షరా, నువ్వేనా బిడ్డా?"

రోబో కళ్లు తెరిచింది. తెర మీద అడుగు రెండైంది. మూడైంది. రోబో తల నెమ్మదిగా తలుపు వైపు తిరిగింది.

"పోకు బిడ్డా! నన్నుగూడ తీస్కపో!"

శోభ పరుగెత్తి, తలుపుకు వీపు ఆనించి, చేతులు చాచి నిలబడింది. గదిలో చిన్న చప్పుడైనా లేదు. చాచిన చేతుల్లోకి ఎవరూ రాలేదు.

అప్పుడు ఆమె వెనక, మూసిన తలుపు అవతల, మెట్లు దిగిపోతున్న చిన్న పాదాల చప్పుడు వినిపించింది.